నాలుగు నిచ్చెనలు, ఒక కూడిక

మనుషులు తమను తాము ఎంతగా లెక్కచేసుకుంటారో కొలవడానికి మేము ఒకప్పుడు నేల మీద సుద్దముక్కతో నిచ్చెన గీశాం. నవ్వకండి. మీకిప్పుడు శిక్షణ తరగతుల్లో ఆత్మగౌరవం మీద అచ్చు కాగితాలు పంచుతున్నారని, గళ్ళలో టిక్కులు పెట్టించి చివర మార్కులు వేస్తున్నారని విన్నాను. మొన్న కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఒకతె తన మార్కులు చూసుకుని, మా ఇంట్లో కూర్చుని ఏడ్చింది. ఆమెకు చెప్పడానికి నా దగ్గర మంచి మాట ఏదీ దొరకలేదు, ఈ పాత సంగతి దొరికింది. ఇది ఓదార్చే సంగతి కాదు, ముందే చెబుతున్నాను.

అప్పుడు నేను కరీంనగర్ జిల్లాలో గ్రామసేవికల శిక్షణ కేంద్రంలో సహాయ బోధకురాలిని. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళయింది. తెలుగులో టైపు చేసిన కాగితం కింద ఉర్దూలో సంతకం పెట్టే గుమస్తాలు ఇంకా ఉండేవారు. మా కేంద్రం నైజాం కాలంలో సుంకం వసూలు చేసిన పాత బంగళాలో నడిచేది. మిడిల్ పాసైన ఆడపిల్లలు, విధవలు, మొగుళ్ళు పట్టించుకోని వాళ్ళు అక్కడికి వచ్చి ఏడాది శిక్షణ పొందేవారు. పసిపిల్లల పెంపకం, కూరతోటలు, కాచిన నీళ్ళు, పొగరాని పొయ్యి, కుట్టుపని నేర్చుకుని ఊళ్ళలో ఆడవాళ్ళకు నేర్పాలి. చదువుతుంటే సులభంగానే ఉంటుంది. ఊరి మధ్యలో నిలబడి, నీ వంటింట్లో పొయ్యి మార్చుకో అని పటేలు తల్లికి చెప్పాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది.

అసలు చిక్కు ఆదిలాబాద్ పోస్టులతో వచ్చింది. ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు అడవి ఊళ్ళకు పంపిన వాళ్ళలో చాలామంది నెల తిరక్కుండానే ట్రంకుపెట్టెలతో వెనక్కి వచ్చేసేవారు. భాష వేరు, దారి లేదు, మాట్లాడే దిక్కు లేదు. ఒంటరిగా నిలబడగలిగే వాళ్ళెవరో ముందే కనిపెట్టి వాళ్ళనే పంపండి అని పైనుంచి హుకుం వచ్చింది. ఆ పనికి ఒక సారును పంపించారు.

సారు కోస్తా సర్కారు జిల్లాల మనిషి, ముప్ఫై దాటలేదు. తెల్లగా ఉతికిన చొక్కా, చేతిలో ఎప్పుడూ ఒక పుస్తకం. మా పిల్లలు ఆయన తెలుగు విని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఆయనకు కోపం వచ్చేది కాదు. వంటమనిషిని కూడా మీరు అనేవాడు. ఇంత మర్యాద గల ఆఫీసరును నేను అంతకుముందు చూడలేదు, తరవాతా పెద్దగా చూడలేదు. జరిగినదంతా చదివి మీరు ఆయన మీద విరుచుకుపడతారేమోనని ఈ మాట ముందుగానే రాస్తున్నాను.

ఆయన సిద్ధాంతం నాకు నచ్చింది. మనిషి తనకు తాను ఇచ్చుకునే విలువ ఒకే ముద్దగా ఉండదని, అందులో పాళ్ళు ఉంటాయని చెప్పాడు. పనిలో నేనెంత, ఇంట్లో నేనెంత, రూపంలో నేనెంత, నలుగురిలో నేనెంత. ఒక్కొక్కటీ వేరే. ఒకచోట ఏనుగంత ఉన్నవాడు ఇంకోచోట ఎలుకంత ఉండవచ్చు. అది విన్న రోజు మా అన్నయ్య గుర్తొచ్చి నవ్వుకున్నాను. కచేరీలో పదిమందిని వణికించే మనిషి, మా వదిన పిలిస్తే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తేవాడు.

మొదట ఆయన కాగితం మీద వాక్యాలు రాసి తెచ్చాడు. 'నన్ను నేను విలువైన వ్యక్తిగా పరిగణిస్తాను.' అవునో కాదో చెప్పాలి. ధర్మపురి వైపు పిల్ల ఒకతె లేచి నిలబడింది.

"సార్, నన్ను నేనే పొగుడుకోవాల్నా? మా అవ్వ ఇన్నదంటె మూతి మీద కొడ్తది."

మిగతావాళ్ళు ఇంకా సులభంగా తేల్చేశారు. "మీరెట్లంటె అట్ల సార్" అన్నారు అందరూ. సారు ఆ కాగితాలు మడిచి లోపల పెట్టేశాడు. రెండు రోజులు ఆలోచించి నిచ్చెన తెచ్చాడు. హాలు నేల మీద సుద్దతో పది మెట్లు గీశాం. పై మెట్టు మీద అందరికంటే బాగా చేసే మనిషి ఉందనుకోండి, కింది మెట్టు మీద ఏమీ చాతకానిది ఉందనుకోండి, మీరెక్కడ ఉన్నారో అక్కడ నిలబడండి అన్నాడు. నోటితో చెప్పుకోనక్కరలేదు కాబట్టి పిల్లలకు నచ్చింది. నాలుగు పాళ్ళకు నాలుగు నిచ్చెనలు. ఒక్కొక్కరే వెళ్ళి నిలబడితే ఆయన అంకె రాసుకున్నాడు.

సాయంత్రం నా దగ్గరికి ఉత్సాహంగా వచ్చాడు. "ఒక్కరు కూడా నాలుగో మెట్టు దాటలేదండీ. అన్నిట్లోనూ అంతే. ఈ జిల్లా ఆడవాళ్ళ గురించి ఎంత ముఖ్యమైన విషయం బయటపడిందో చూశారా?"

నాకు నవ్వు ఆగలేదు. "సార్, మొదలు ఎవరిని పిలిచిండ్రు?"

"పెద్దావిడను. వయసుకు మర్యాద ఇవ్వాలి కదా."

"ఆమె నాలుగో మెట్టు మీద నిలబడ్డది. ఆమె నెత్తి మీదికెక్కి ఎవరు నిలబడ్తరు సార్?"

ఆయన ముఖం చిన్నబోయింది, వెంటనే తేరుకున్నాడు. మర్నాడు ఆ నిచ్చెనలు చెరిపించి, చరఖాలు పెట్టుకునే గదిలో కొత్తగా గీయించాడు. తలుపు వేసి, ఒక్కొక్కరినే పిలుస్తామన్నాడు. మగ ఆఫీసరు ఒక్కడే ఉన్న గదిలోకి ఆడపిల్ల వెళితే ఊరు ఊరుకోదు కాబట్టి నన్ను ఒక స్టూలు మీద కూర్చోబెట్టాడు. అలా నేను అందరినీ చూశాను. తలుపు వేశాక మా పిల్లలు ఎంత మారిపోయారో చెప్పలేను. బయట తల ఎత్తని పిల్ల లోపల గబగబా తొమ్మిదో మెట్టు ఎక్కింది. బయట అందరినీ ఆటపట్టించే పిల్ల రూపం నిచ్చెన దగ్గరికి రాగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని కింద నిలబడింది.

ఆ వరసలో మగ్గాల ఇంటి అమ్మాయి వచ్చింది.

ఆమెది సుల్తానాబాద్ దాటాక ఒక ఊళ్ళో అత్తగారిల్లు. సాలె కుటుంబం, ఇంట్లో రెండు గుంట మగ్గాలు. పెళ్ళయిన మరుసటేడు మొగుడు బొంబాయి దగ్గర భీవండి మిల్లుకు పోయాడు. పోయినవాడు రాలేదు, అక్కడ ఇంకొకామెతో ఉంటున్నాడని కబురు మాత్రం వచ్చింది. మొగుణ్ణి నిలుపుకోలేనిది అని అత్తగారింట్లో ఆమెకు ఒక పేరు పడింది. తల్లిగారింటి అన్న తిరిగి తిరిగి ఈ శిక్షణలో సీటు సంపాదించాడు. సర్కారు నౌకరీ కదా అని అత్తామామలు ఒప్పుకున్నారు.

వచ్చిన కొత్తలో ఆమె నోట్లో నాలుక ఉందో లేదో మాకు తెలియదు. మట్టి పనిలో చెయ్యి పెట్టాక తెలిసింది. పొగరాని పొయ్యి కట్టడం చూడటానికి తేలిక, పొగ గొట్టం సరిగ్గా లాగకపోతే పాత పొయ్యి కంటే అన్యాయంగా ఉంటుంది. ఆమె కట్టిన పొయ్యి మొదటి రోజే లాగేది. అభ్యాసానికి వెళ్ళిన ఊళ్ళో కుమ్మరి సగం కాలిన గొట్టం ఇస్తే, దాన్ని చంకన పెట్టుకుని వెళ్ళి ఆయన వాకిట్లో నిలబడింది.

"మామా, గీ గొట్టం నీ ఇంట్ల పెట్టుకుంటవా? పెట్టుకుంటవంటె నేను గిదే తీస్కపోత."

ఆయన గొణుక్కుంటూ ఇంకోటి ఇచ్చాడు. ఆ ఊళ్ళో బీడీలు చుట్టే ఆడవాళ్ళు మా మీటింగుకు రామంటే, తానే పోయి వాళ్ళ మధ్య కూర్చుని ఆకు కత్తిరిస్తూ కబుర్లలో కాచిన నీళ్ళ సంగతి దింపింది. నేను అలా ఎవరికీ నేర్పలేదు. నాకూ రాదు.

చరఖాల గదిలో పని నిచ్చెన చూపించగానే ఆమె నేరుగా పదో మెట్టు మీదికి పోయి నిలబడింది. "ఇంకో మెట్టు లేదా సార్?" అంది నవ్వుతూ. సారు కూడా నవ్వాడు. నలుగురిలో నిచ్చెన మీద ఏడో మెట్టు. రూపానికి నాలుగో మెట్టు మీద, అటూ ఇటూ చూసి, సరేలే అన్నట్టు నిలబడింది.

ఇంటి నిచ్చెన దగ్గర ఆమె గీత లోపలికి రానేలేదు.

"కింది మెట్టు అనుకోమంటారా?" అని అడిగాడు సారు.

"గా నిచ్చెన నాది గాదు సార్. అత్తగారింటిది. ఆడ నన్నెవలు ఎక్కనియ్యరు."

నవ్వు పోయింది ఆమె ముఖంలో. ఆయన సున్నా వేశాడు. ఎవరికీ అంతవరకు సున్నా వేయలేదు.

ఇంతవరకు ఆయన చేసినదంతా మంచి పనే అంటాను. నాలుగు పాళ్ళు వేరు వేరని ఆయనే చెప్పాడు, వేరు వేరుగా కొలిచాడు, తప్పు జరిగితే దిద్దుకున్నాడు. ఆ రాత్రి కూర్చుని నాలుగూ కూడేశాడు. కూడాక ఒక వరస వచ్చింది. పైన ఉన్నవాళ్ళు ఆదిలాబాద్‌కు, కింద ఉన్నవాళ్ళు సొంత ఊళ్ళకు దగ్గరగా. మగ్గాల ఇంటి అమ్మాయికి మొత్తం తక్కువే వచ్చింది. అత్తగారి ఊరికే పోస్టు రాశాడు.

నేను చూసి ఊరుకోలేదు. "సార్, నాలుగూ వేరే అన్నరు. మల్ల కూడుడు ఎందుకు?"

"కూడకపోతే పోస్టింగు ఎలా ఇస్తామండీ? ఒక మనిషిని నాలుగు ఊళ్ళకు పంపలేం కదా." ఆయన నా మాట కొట్టిపారేయలేదు, కుర్చీ చూపించి విడమరిచి చెప్పాడు. "చూడండి, ఆ అమ్మాయికి పనిలో బోలెడు ధైర్యం ఉంది. ఇంట్లో ఏమీ లేదు. అదే ఊళ్ళో ఉద్యోగం చేస్తే ఏమవుతుంది? ఊరంతా ఆమె మాట వింటుంది. అది అత్తగారు చూస్తుంది. మెల్లిగా ఇంట్లో కూడా విలువ పెరుగుతుంది. ఆ లోటు తీరేది అక్కడే కానీ అడవిలో కాదు."

వినడానికి ఎంత బాగుందో చూడండి. నేను కూడా ఒక పూట నమ్మాను.

పోస్టింగులు ఇచ్చే ముందురోజు సాయంత్రం ఆ అమ్మాయి నా గదికి వచ్చింది. గడప దగ్గరే కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. ఎవరి దగ్గర విన్నదో, తన పోస్టు సంగతి తెలిసిపోయింది.

"మేడమ్, నన్ను దూరం పంపుండ్రి. అడవైనా ఫికర్ లేదు. గోండోల్ల మాట నేర్చుకుంట."

"నీ ఊరే కదా. తెలిసినవాళ్ళు ఉంటరు."

"తెల్సినోల్లు ఉంటరనే గద మేడమ్." గడప మీద చెయ్యి ఆనించి అంది. "ఈడ నేను పొద్దుగాల లేస్తె నా చేతులు నాయే ఉంటయి. గా ఇంట్ల అడుగుపెడ్తె చేతులు పనిజెయ్యయి. చెంబు ముంచబోతె చెంబు పడ్తది. మా అత్త చూస్తుందంటె ఉప్పెంతేసిన్నో యాదికుండది. నేను గట్లాంటి దాన్నే అనిపిస్తది మేడమ్. ఈడికొచ్చినంకనే నాకు తెల్సింది, నేను గట్లాంటి దాన్ని గాదని. మల్ల ఆడికి పోతె మర్చిపోత."

నేను ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నో రిపోర్టులు చదివాను, కొన్ని రాశాను. మనిషి విలువ గురించి ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పగా వినలేదు. రేపు పోస్టింగులు ఖరారు చేసే కమిటీలో ఈ సంగతి ఎత్తుతానని ఆమెకు మాట ఇచ్చాను. వాళ్ళ ఎదురుగా నువ్వే చెప్పాలి, నిన్ను పిలిపిస్తాను అన్నాను. ఆమె తల ఊపింది. కొంచెం ధైర్యంగానే లేచి వెళ్ళింది.

మర్నాడు కమిటీ మా పెద్ద మేడమ్ గదిలో కూర్చుంది. పెద్ద మేడమ్ అంటే మా కేంద్రం అధిపతి. రూళ్ళకర్రలా నిటారుగా ఉండే మనిషి, మర్యాద తప్పితే సహించేది కాదు. ఆమె, సారు, బ్లాకు నుంచి వచ్చిన ఆఫీసరు, మూలన నేను. పేర్లు చదువుతుంటే పిల్లలు ఒక్కొక్కరే వచ్చి సంతకం పెట్టి పోతున్నారు. మగ్గాల ఇంటి అమ్మాయి పేరు రాగానే నేను లేచాను. ఆమె అడవికే పోతానంటున్నది, కారణం ఉన్నది, ఒకసారి ఆమె నోటనే వినండి అన్నాను. సారు వెంటనే ఒప్పుకున్నాడు. "తప్పకుండా. ఆమె ఇష్టం తెలుసుకోకుండా ఎలా?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే చప్రాసీ వచ్చి, ఆ పిల్ల మామ వచ్చి బయట ఎండలో నిలబడ్డడని చెప్పాడు. శిక్షణ అయిపోయిందని కోడలిని, ఆమె పెట్టెను తీసుకుపోవడానికి ఎడ్లబండి కట్టుకుని వచ్చాడట. సారు కుర్చీలోంచి లేచాడు.

"పెద్దాయనను ఎండలో నిలబెట్టారా? లోపలికి తీసుకురండి."

ముసలాయన వచ్చాడు. తల మీద రుమాలు తీసి చేత పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని నడుము వంగిపోయిన మనిషి. సారు తానే కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు తెప్పించాడు. ఆ తరవాత కోడలిని పిలిచారు.

ఆమె గడపలో కాలు పెట్టింది, మామను చూసింది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ముఖం కూడా కనిపించకుండా లాక్కుంది.

నేను పెద్ద మేడమ్ దగ్గరికి వంగి చెవిలో చెప్పాను. ముసలాయనను ఒక్క నిమిషం వరండాలో కూర్చోబెడదాం అని. ఆమె నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "కూర్చోబెట్టిన పెద్దమనిషిని లేపుతరా? ఏం మర్యాద అది?" అంది, పైకే అంది. ముసలాయన విని లేవబోయాడు. సారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, కూర్చోండి కూర్చోండి అని మళ్ళీ కూర్చోబెట్టాడు.

"చెప్పండమ్మా," అన్నాడు సారు, ఎంతో మెత్తగా. "మీకు ఎక్కడ పనిచేయాలని ఉంది? భయపడకండి. మీరేం చెబితే అదే రాస్తాను."

నిజంగానే రాసేవాడు. అదే నా బాధ. ఆమె ఆదిలాబాద్ అని ఒక్క మాట అని ఉంటే ఆయన ఆ క్షణంలోనే కొట్టేసి తిరగరాసి ఉండేవాడు.

మామ ముందు కోడలు నోరు విప్పే ఇల్లు కాదు అది. ఆ కాలంలో మా వైపు ఏ ఇల్లూ కాదు. మామ కూర్చున్న చోట నిలబడటమే ఎక్కువ. తన ఇష్టం, అందులోనూ మీ ఇంటికి దూరంగా పోతాననే ఇష్టం, ఆయన ముఖం మీద ఎట్లా చెబుతుంది? ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఇంతలో నా వైపు చూసింది. చెప్పు చెప్పు అని నేను తల ఊపుతున్నాను.

"పెద్దలు ఎట్లంటె అట్ల సార్," అంది.

సారు ముఖం విప్పారింది. ముసలాయన కూడా సంతోషంగా చేతులు జోడించాడు. "మా కండ్లముందట ఉంటది సారు. మీకు పున్నెముంటది," అన్నాడు. ఆయన మాటలో కపటం ఏమీ లేదు. నిన్న సాయంత్రం నాతో వేరే చెప్పింది అని నేను గట్టిగానే అన్నాను. బ్లాకు ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. పెద్ద మేడమ్ తరవాతి పేరు చదివింది. చరఖాల గదికి తలుపు వేయాలని తెలిసిన మనిషికి ఈ గదికీ ఒక తలుపు ఉందని తోచలేదు. నాకు ఆయన మీద అప్పుడు వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. ఆయన చిరునవ్వుతో సంతకం చేయిస్తుంటే కలం లాక్కుని విరిచేద్దామనిపించింది.

ఆమె సంతకం పెట్టి బండి ఎక్కింది.

ఆ ఏడు మా కొలత ఎంత గొప్పగా పనిచేసిందో తెలియాలంటే ఇంకొక్క సంగతి చాలు. నాలుగు నిచ్చెనల మీదా పైమెట్లెక్కి, అందరికంటే ఎక్కువ మొత్తం తెచ్చుకున్న పట్వారీగారమ్మాయిని ఆసిఫాబాద్ వైపు పంపించారు. మొదటి వానలకే ఆ పిల్ల మంచిర్యాల స్టేషన్లో ట్రంకుపెట్టె మీద కూర్చుని, వచ్చిన రైలు ఎటుపోతుందో అడగకుండా ఎక్కేసింది. పాపం దానికీ అన్నీ పుట్టింటి పెరట్లో పెరిగిన ధైర్యాలే.

మగ్గాల ఇంటి అమ్మాయి సంగతి అప్పుడప్పుడు తెలిసేది. మొదట్లో ఒక పొయ్యి కట్టిందట. మొగుడు వదిలిపెట్టిన ఆమె చేత పొయ్యి కట్టించుకుంటారా అని ఎవరో అంటే రెండో ఇంటివాళ్ళు వద్దన్నారట. చావడి ముందునుంచి నడిచి పోవద్దని మామ చెప్పాడు, ఊళ్ళో ఏం చేయాలన్నా చావడి ముందునుంచే పోవాలి. నెలనెలా బ్లాకు మీటింగులో వెనక కూర్చునేది, అడిగితే లేచి నిలబడేది, మాట వచ్చేది కాదు. మా కేంద్రంలో ఉండగా కుమ్మరితో పోట్లాడింది ఈ మనిషేనా అని నేను ఒక మీటింగులో పట్టిపట్టి చూశాను. నన్ను చూసి నమస్తే పెట్టి పక్కకు తప్పుకుంది.

ఏడాది నిండకముందే రాజీనామా వచ్చింది. 'నాకు ఈ పని చాతకాదు' అని ఉంది అందులో.

సారు దాన్ని పట్టుకుని నా గదికి వచ్చాడు. తెల్ల చొక్కా మనిషి ఆ రోజు గడ్డం కూడా గీసుకోలేదు.

"పని ఇంటిని పైకి లాగుతుందనుకున్నానండీ. ఇల్లే పనిని కిందికి లాగింది," అన్నాడు. "మీరు చెప్పారు. నేను వినలేదు."

చెప్పినందుకు నాకేమీ సంతోషం కలగలేదు. ముందే చెప్పాను కదా అనే మాట నోటికి వస్తుంది కానీ మింగేశాను. ఆయన అంతటితో ఊరుకునే రకం కాదు. హైదరాబాద్ వెళ్ళి, పైవాళ్ళను బతిమాలి, ఆ రాజీనామాను పక్కన పెట్టించి, ఉట్నూరు దగ్గర ఒక ఊరికి బదిలీ ఆర్డరు తెచ్చాడు. మేమిద్దరం జీపులో బయలుదేరాం. ఈసారి ఆయన ఊరి బయటే జీపు ఆపించాడు. "నేను రాను. నేనుంటే మాట్లాడదు. మీరు ఒక్కరే వెళ్ళి, ఆమెను ఒక్కదాన్నే అడగండి," అన్నాడు. నేర్చుకున్నాడు పాపం. ఆలస్యంగానైనా నేర్చుకున్నాడు.

నేను వెళ్ళేసరికి ముసలాయన అంగడికి పోయి ఉన్నాడు. అత్త వాకిట్లో నూలు ఆరవేస్తోంది. నేనెవరో చెప్పాను, వచ్చిన పని చెప్పాను. ఆమెతో వాదించడానికి దారి పొడుగునా మాటలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ అక్కరకు రాలేదు.

"తీస్కపోతె తీస్కపోండ్రమ్మా. నేనేమన్న కట్టేసిన్నా?" అంది అత్త. "సర్కారు నౌకరి నడుస్తదంటె ఎవలు వద్దంటరు? లోపలున్నది, పోయి అడుగుండ్రి."

లోపల మగ్గం పక్కన ఆమె కండెలు చుడుతోంది. నన్ను చూసి లేచింది. ఎముకలు తేలిపోయి ఉంది. తలుపు దగ్గరికి వేసి, ఎదురుగా కూర్చుని, ఆర్డరు చూపించాను. ఉట్నూరు. నువ్వడిగిన అడవి. మీ అత్త పొమ్మంది. జీపు ఊరి బయట ఉంది, పెట్టె సర్దుకో అన్నాను.

ఆమె ఆర్డరు చదివింది. చదివి జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చింది.

"నేను రాను మేడమ్. నాతోని గాదు."

"ఏది గాదు?"

"ఏదీ గాదు."

"పని రానిదానివా నువ్వు? నీ అంత మంచిగ మా దగ్గర ఎవరు చేసిండ్రు?"

"అప్పుడు సుత నేను చేసింది ఏం లేదు మేడమ్. మీరంత పక్కకున్నరు గన్క అయింది." ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా, తెలిసిన సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "నన్ను ఆడికి పంపి మల్ల మీరు పరేషాన్ గావద్దు."

చాలాసేపు బతిమాలాను. కోప్పడ్డాను కూడా. ఆమె అన్నిటికీ తల వంచుకుని, చేతిలో నూలు కొస వదలకుండా కూర్చుంది. చివరికి నేనే లేచి బయటికి వచ్చాను.

అత్త నూలు ఆరవేయడం ఆపి నన్నే చూస్తోంది. "వస్తలేదా?" అంది. నా ముఖం చూసి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "ఏమమ్మా, ఇది మీ తాన మంచిగ చేసేటిదా ఏంది? గింత దూరం జీపేసుకొని వచ్చిండ్రు."

"మీకు తెల్వదా?"

"మాకెట్ల తెలుస్తదమ్మా? మాకెవ్వలు చెప్పలే."

అక్కడే, ఆ వాకిట్లో, నూలు దండెం పక్కన నిలబడి అంతా చెప్పాను. మా దగ్గర చదివినన్నాళ్ళూ ఆమె ఎట్లా ఉండేదో చెప్పాను. ఒక ఊళ్ళో బాలింత ఒకామె పిల్లకు పాలివ్వలేక ఏడుస్తుంటే ఈ పిల్ల రాత్రంతా పక్కన కూర్చుని తెల్లారేసరికి పిల్లను రొమ్ముకు అలవాటు చేసిందని, ఆ బాలింత తల్లి మా కేంద్రం దాకా నడిచి వచ్చి ఈమెను వెతుక్కుని దండం పెట్టిందని చెప్పాను. ఆడవాళ్ళు మా మాట కాదని ఈమె మాట వినేవారని చెప్పాను. ముసలామె నోరు తెరుచుకుని వింటోంది. తలుపు సందులోంచి ఆ అమ్మాయి కూడా వింటోందని నాకు తెలుసు. ఆమె వినాలనే గట్టిగా చెప్పాను.

తలుపు తెరుచుకుంది. ఆమె గడప దాకా వచ్చి నిలబడింది. నా వైపు చూడలేదు.

"మేడమ్ ఇంకెవలనో అనుకొని వచ్చింది అత్తా," అంది. "చాయ పెట్టనా?"

అత్త పెట్టమంది. నేను ఆ వాకిట్లో కూర్చుని, ఆమె తెచ్చిన చాయ తాగి వచ్చాను.